మెట్లు కుంగితే పైపూత పనికిరాదు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నరసరావుపేట ఇంటిని బేరానికి పెట్టే ముందు, కుంగిన వీధి మెట్లకి సిమెంటు పూసి రంగు వేయిస్తే సరిపోతుందా అని అడిగావు. సరిపోదురా. ఆ పూత ఒక వానాకాలం దాటితే పెచ్చులూడుతుంది.

ముందు టేపు పెట్టి కొలువు. నేల నుంచి గడప దాకా 30 అంగుళాలను ఆరేసి అంగుళాల చొప్పున ఐదు ఎత్తులుగా కట్టారనుకో. మెట్ల దిమ్మె మొత్తం 2 అంగుళాలు దిగితే కింద 4 మిగులుతుంది, గడప దగ్గర 8 అవుతుంది. కాలేమో అలవాటుగా ఆరంగుళాలకే లేస్తుంది. ముసలివాళ్లు తట్టుకుని పడేది అక్కడే. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు, అంటే ఏడున్నర అంగుళాలు మించకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది.

ఇంటి పునాది లోతున ఉంటుంది. మెట్లు మాత్రం పునాది గుంట పూడ్చిన వదులు మట్టి మీద కూర్చుంటాయి. పైగా అక్కడిది నల్లరేగడి: వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. డాబా మీది వాన నీళ్ల పైపు మెట్ల పక్కనే దిగుతోందేమో చూడు. దిగుతుంటే ముందు దాన్ని దూరంగా మళ్లించు. అది చేయకుండా ఎన్ని మెట్లు కట్టించినా డబ్బు దండగే.

గోడ సంగతి కూడా చూడాలి. కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లుంటే, పగులుకి అడ్డంగా సన్నటి గాజు ముక్కని సిమెంటుతో అతికించి కొన్నాళ్లు గమనించు. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందన్నమాట. అప్పుడు మేస్త్రీ కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు రావాలి.

గోడ బాగుంటే పాత దిమ్మె పగలగొట్టించు. మెత్తటి మట్టి తీసేసి, గ్రావెల్‌ని ఆరంగుళాల పొరలుగా పోసి, ప్రతి పొరనీ తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టించు. కూలీలు తొందరపడేది ఇక్కడే, నువ్వు దగ్గరుండాలి. పైన బెడ్డు కాంక్రీటు, ఆ తర్వాత మెట్లు. గోడకీ మెట్లకీ మధ్య అరంగుళం సందు వదిలి, నీరు దిగకుండా సీలెంటు పెట్టించు. ప్రతి మెట్టూ బయటికి కాస్త వాలుగా ఉండాలి. గోనెపట్టాలు కప్పి కనీసం పది రోజులు తడుపు. నున్నటి గ్రానైట్ వద్దు, వానలో జారుతుంది. గరుకు నాపరాయి చాలు. మన వైపు కొనేవాళ్లు మెట్లు బేసి సంఖ్యలో ఉన్నాయా అని లెక్కపెడతారు కాబట్టి, ఆ సంఖ్య మార్చనివ్వకు.

ఇక లోపాన్ని దాచే మాట. తనకి తెలిసి, కొనేవాడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటోంది. చట్టం లేకపోయినా, జీవితకాలం కూడబెట్టిన డబ్బు పోసి కొనేవాళ్ల దగ్గర మనం దాచకూడదు. తవ్వినప్పుడు, గ్రావెల్ పోసినప్పుడు ఫొటోలు తీసి, బిల్లులతో కలిపి ఉంచు. బేరానికి వచ్చినవాళ్లకి వాళ్లు అడక్కముందే చూపించు.

పని మొదలుపెట్టే రోజు ఫోన్ చెయ్యి, మేస్త్రీతో నేను మాట్లాడతాను.

పెదనాన్న