మెడికల్ షాపు చుక్కలకు తగ్గని ఎర్ర కన్ను: కళ్ళకలకేనా?

తమ్ముడూ, మీరు రాసింది చదివితే నాకది కళ్ళకలకలాగా అనిపించడం లేదు. మీ నాయనకు ఎడమ కన్ను ఒక్కటే ఎర్రబడిందన్నారు, పుసి కట్టడం లేదన్నారు, వెలుతురు చూడలేక పగలు కూడా తలుపు మూసుకుని పడుకుంటున్నారన్నారు, చీమకుర్తిలో మెడికల్ షాపు వాళ్ళిచ్చిన చుక్కలు వేస్తే రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైందన్నారు. ఈ నాలుగూ కలిపి చూస్తే ఇంకో వారం ఆగుదాం అనుకునే కేసు కాదిది. రేపే ఒంగోలు తీసుకెళ్ళండి. నేను డాక్టర్ని కాదు, బుచ్చిరెడ్డిపాళెం దగ్గర హైస్కూల్లో టీచర్ని. కానీ ఈ ఎర్ర కన్నుతో నేను, మా మామ, మా వీధిలో ఒక పెద్దమ్మ ముగ్గురం మూడు రకాలుగా అవస్థ పడ్డాం. ముగ్గురికీ మొదట వినిపించిన మాట ఒకటే, "కళ్ళకలకే, నాలుగు రోజుల్లో తగ్గిపోద్ది" అని. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు అసలు కళ్ళకలక ఎట్లా ఉంటుందో చూడండి. 2023 జులై, ఆగస్టుల్లో రాష్ట్రమంతా వచ్చినప్పుడు మా బడిలో సగం బెంచీలు ఖాళీగా ఉండేవి. ఒక కంటికి మొదలై రెండు మూడు రోజుల్లో రెండో కంటికి పాకుతుంది. పొద్దున లేచేసరికి రెప్పలు అంటుకుపోయి ఉంటాయి, నీళ్ళు కారతాయి, ఇసుక పడినట్టు గరగరమంటుంది, ఇంట్లో ఒకరికి వస్తే మిగతావాళ్ళకీ అంటుకుంటుంది. అయితే పుసి తుడిచి రెప్పలు ఆడిస్తే చూపు మాత్రం మామూలుగా ఉంటుంది. కన్ను చిరాకు పెడుతుంది గానీ లోపల్నుంచి పీకే నొప్పి ఉండదు. ఎక్కువ భాగం వైరస్ వల్లే వస్తుంది కాబట్టి ఒకటి రెండు వారాల్లో దానంతటదే పోతుంది. అందరం ఇదే ఎక్కువగా చూశాం కాబట్టి ఏ కన్ను ఎర్రబడినా నోటికి ఇదే మాట వస్తుంది. ఎర్రదనాన్ని బట్టి ఏదీ తేల్చలేం. నొప్పి ఉందా, వెలుతురు పడటం లేదా, చూపు మసకబారిందా, ఈ మూడు అడగాలి. మూడింటిలో ఒక్కటి గట్టిగా ఉన్నా దాన్ని కళ్ళకలక అనుకుని ఇంట్లో కూర్చోకూడదు.

నా సంగతి చెప్తాను. సంక్రాంతి సెలవుల్లో కుడి కన్ను ఎర్రబడింది. పుసి లేదు, దురద లేదు. ఎరుపు తెల్లగుడ్డు అంతా కాకుండా నల్లగుడ్డు చుట్టూ ఉంగరంలాగా, కొంచెం ఊదారంగు కలిసినట్టు ఉండేది. కనుబొమ్మ లోపల సలుపు. ట్యూబ్‌లైటు వేస్తే చాలు కన్ను మూసుకుపోయేది, అంతకన్నా విచిత్రం ఏమిటంటే బాగున్న ఎడమ కంట్లోకి వెలుతురు పడినా కుడి కన్నే నొప్పి పెట్టేది. ఊళ్ళో చూపిస్తే కళ్ళకలకని యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. పేపర్లు దిద్దుతుంటే అక్షరాలు పొగమంచులో ఉన్నట్టు కనిపించేసరికి మా ఆయన ఊరుకోకుండా నెల్లూరు తీసుకెళ్ళాడు. గడ్డం ఒక పలక మీద, నుదురు ఒక పట్టీకి ఆనించి కూర్చోబెట్టి సన్నటి వెలుతురు గీతను పక్కనుంచి కంట్లోకి వేసి చూస్తారే, ఆ స్లిట్‌ల్యాంప్ మీద చూసిన డాక్టరమ్మ ఒక్క నిమిషంలో చెప్పేసింది, "మేడమ్, కంటి ముందు భాగంలో ఉండే నీళ్ళలో తెల్లకణాలు తేలుతున్నాయి, ఇది యువైటిస్" అని. కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర వాచిందన్నమాట. దాన్ని వదిలేస్తే ఆ పొర వెనకున్న లెన్సుకు అతుక్కుపోతుంది, ఆ తర్వాత కంట్లో ప్రెజర్ పెరగడం, శుక్లం రావడం అన్నీ వరసగా వస్తాయి. నాకప్పటికే ఒకచోట అతుక్కుని కంటిపాప గుండ్రంగా లేదు. పాపను పెద్దది చేసే చుక్కలు, స్టెరాయిడ్ చుక్కలు మొదట గంటకోసారి వేసి, తర్వాత వారాల తరబడి మెల్లగా తగ్గించారు.

ఆ డాక్టరమ్మ ఇంకో ప్రశ్న అడిగింది, "పొద్దున లేచినప్పుడు నడుము బిగుసుకుపోయి, కాస్త తిరిగాక వదులవుతుందా?" అని. కంటికీ నడుముకీ సంబంధం ఏంది అనుకున్నాను. ఏళ్ళుగా ఉన్న నొప్పది, బస్సు ప్రయాణాల వల్లనుకునేదాన్ని. రక్తపరీక్షలో హెచ్ఎల్ఏ-బీ27 అనే జన్యువు గుర్తు పాజిటివ్ వచ్చింది, ఎక్స్‌రే తీస్తే వెన్నెముక కింది కీళ్ళ వాపు, అంకైలోజింగ్ స్పాండిలైటిస్ అని తేలింది. ఇట్లాంటి వాళ్ళలో కన్ను ఇట్లా వాయడం మామూలేనట, మళ్ళీ మళ్ళీ కూడా వస్తుందట. కొందరిలో క్షయ వల్ల కూడా యువైటిస్ వస్తుంది కాబట్టి దానికీ పరీక్ష చేస్తారు. కళ్ళకలకని చుక్కలు మార్చుకుంటూ పోయుంటే కన్నూ, నడుమూ రెండూ చెడిపోయేవి.

ఇప్పుడు మీ నాయన వాడుతున్న చుక్కల సీసా తీసి దాని మీద సన్న అక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసోలోన్, లోటెప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్, వీటిలో ఏ పేరున్నా అది స్టెరాయిడ్. యాంటీబయాటిక్‌తో కలిపి ఒకే సీసాలో అమ్ముతారు. ఎర్రదనం వెంటనే తగ్గుతుంది కాబట్టి షాపు వాళ్ళకీ మంచి పేరు, మనకీ సంతోషం. నాకు అదే స్టెరాయిడ్ కన్ను నిలబెట్టింది, మా మామ కంటి చూపు తీసింది కూడా అదే. అందుకే లోపల ఏముందో యంత్రం మీద చూడకుండా ఆ మందు వేయకూడదని ఇంతగా చెప్తున్నాను.

మా మామది సంగం వైపు పల్లె. ఏప్రిల్‌లో కోత మిషన్ వెనక నిలబడి వడ్లు పట్టిస్తుంటే కంట్లో పొట్టు పడింది. పైతువాలుతో నలిపాడు. తెల్లారి ఎర్రబడితే ఇట్లాంటి కలిపిన చుక్కలే ఇచ్చారు, రెండు రోజులు నొప్పి తగ్గింది, మళ్ళీ మిషన్ వెనక్కి పోయాడు. మా అత్త నందివర్ధనం పూలు కంటి మీద పెట్టి కట్టేది. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లమచ్చ కనిపించింది. నెల్లూరులో నారింజ రంగు కాగితం ముక్క కింది రెప్పకు తాకించి నీలం లైటు వేస్తే మచ్చ ఉన్న చోట పచ్చగా మెరిసింది, అంటే అక్కడ పుండు పడిందని. మత్తు చుక్కలు వేసి ఆ పుండును గీకి గాజు పలక మీద పెట్టి చూస్తే బూజు. ఫంగస్ పుండు. పచ్చి ఆకు, వడ్ల పొట్టు, చెరకు ఆకు, మట్టి, ఇట్లాంటివి గుచ్చుకున్న కంటికి బూజు పట్టడం మన పల్లెల్లో తరచూ జరిగేదేనని డాక్టరు చెప్పారు. స్టెరాయిడ్ వాపును అణచిపెడుతుంది కాబట్టి నొప్పి, ఎరుపు తగ్గుతాయి, లోపల బూజు మాత్రం అడ్డు లేకుండా పెరుగుతుంది. తర్వాత బూజును చంపే నాటామైసిన్ చుక్కలు, సీసా బాగా ఊపి గంటకోసారి వేయాలి, రాత్రుళ్ళు కూడా. మా అత్త ఫోన్‌లో అలారం పెట్టుకుని లేచేది. తెల్లటి మందు రెప్పల వెంట గడ్డకట్టి ఉండేది. చివరికి చెన్నై తీసుకెళ్ళారు, గుడ్డు పోకుండా నిలబడింది, కానీ నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగిలి పువ్వు వేసింది. ఆ కంటితో వేళ్ళు లెక్కపెట్టగలడంతే. ఇంత పని చేసింది పొట్టు ఒక్కటే కాదు, చూడకుండా ఇచ్చిన ఆ సీసా కూడా.

మా వీధి పెద్దమ్మది ఇంకో కథ. సాయంత్రం పూట తల ఒకవైపు పగిలిపోయే నొప్పి, వాంతులు. పైత్యమని, గ్యాసని ఇంజెక్షన్లు వేశారు, కన్ను ఎర్రబడింది కదా అంటే అది కళ్ళకలకే అన్నారు. బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయని ఆమె చెప్తూనే ఉంది. కంట్లో ప్రెజర్ 20 లోపు ఉండాల్సింది ఆమెకు 50 దాటింది, మూసిన రెప్ప మీద వేలు పెడితే గుడ్డు గోలీకాయలా గట్టిగా ఉంది. కంట్లో నీళ్ళు బయటికి పోయే దారి ఉన్నట్టుండి మూసుకుపోవడం ఇది, నీటికాసుల్లో (గ్లకోమాలో) ఒక రకం. గంటలు గడిచేకొద్దీ కంటి నరం దెబ్బతింటుంది. సెలైన్‌లా మానిటాల్ ఎక్కించి, మాత్రలిచ్చి ప్రెజర్ దించాక లేజర్‌తో చిన్న రంధ్రం వేశారు, రెండో కంటికి కూడా ముందుజాగ్రత్తగా వేశారు. 50 దాటిన ఆడవాళ్ళలో, దూరం కూడా ప్లస్ పవర్ అద్దాలతో చూసేవాళ్ళలో ఇది ఎక్కువ. వయసు మీద పడినవాళ్ళకు ఎర్ర కన్నుతో పాటు వాంతులు వస్తే పొట్ట డాక్టరు దగ్గర కాలం వృథా చేయకండి.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. నుదుటి మీద ఒకవైపే నీటి పొక్కులు వచ్చి కన్ను ఎర్రబడితే అది అక్కి, ముక్కు కొన మీద పొక్కు కనిపిస్తే కంటికి పాకే అవకాశం ఎక్కువ. కావి పూసి ఊరుకోకండి, మొదటి మూడు రోజుల్లో మందు పడితే బాగా పనిచేస్తుంది. ఒకే కంటికి మళ్ళీ మళ్ళీ వచ్చే ఎరుపు హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చే పుండు కావచ్చు, దానికీ స్టెరాయిడ్ చుక్క విషమే. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే పిల్లలకు కన్ను ఎర్రబడితే వెంటనే లెన్స్ తీసేసి అదే రోజు చూపించాలి. పుట్టి నెల కూడా కాని బిడ్డకు కళ్ళు వాచి చీము కారుతుంటే చనుబాలు పిండి కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి. ఎండాకాలం వస్తే చాలు కళ్ళు నలుపుకునే మగపిల్లలది అలర్జీ, దానికి దురదే గుర్తు. ప్రతి ఏడూ పాత చీటీ చూపించి స్టెరాయిడ్ కొనుక్కుంటే ఆ పిల్లలకు నీటికాసులు రావచ్చు, మా బడిలోనే ఒక అబ్బాయిని చూశాను. ఇక తెల్లగుడ్డు మీద రక్తం చిమ్మినట్టు ఎర్రటి మరక ఉండి, నొప్పి లేకుండా, చూపు బాగుంటే భయం లేదు, ఒకటి రెండు వారాల్లో అదే కరిగిపోతుంది, ఒకసారి బీపీ మాత్రం చూపించుకుంటే మంచిది.

మీ నాయన గ్రానైట్ పాలిషింగ్‌లో పని చేస్తారన్నారు కాబట్టి నాకు ఇంకో అనుమానం ఉంది. రాతి పొడి నలుసు పై రెప్ప లోపల ఇరుక్కుంటే రెప్ప ఆడించిన ప్రతిసారీ నల్లగుడ్డును గీస్తుంది, బయటికి ఏమీ కనిపించదు, రెప్ప తిప్పి చూస్తేనే దొరుకుతుంది. ఎర్రబడటానికి ముందు సుత్తి, ఉలి, గ్రైండర్ దగ్గర కంట్లోకి ఏమన్నా ఎగిరిందా అని గట్టిగా అడగండి, చాలామంది చిన్న విషయమని చెప్పరు. ఇనుప ముక్క గుడ్డు లోపలికే దూరి ఉండొచ్చు, అప్పుడు ఎక్స్‌రే గానీ స్కాన్ గానీ తీయాల్సి వస్తుంది. ఈ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఈ రాత్రికి ఒక పని చేయండి. గోడకున్న క్యాలెండరుకు ఎదురుగా ఆయన్ని నిలబెట్టి కుడి కన్ను అరచేత్తో మూసి, ఎడమ కంటితో తేదీలు చదివించండి, తర్వాత రెండోది. తేడా ఉంటే రాసిపెట్టుకోండి. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు ఈ తేడా ఎవరికీ తెలియదు. కన్ను నలపనివ్వకండి, ఆకు పసర్లు, ఆముదం ఏదీ వేయకండి. ఒంగోలు పెద్దాసుపత్రిలో కంటి విభాగం ఉంది, స్లిట్‌ల్యాంప్ ఉన్న ప్రైవేటు కంటి డాక్టరైనా పరవాలేదు. వాళ్ళు పైకి పంపితే విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, చెన్నైలో శంకర నేత్రాలయ ఉన్నాయి, మనవైపు వాళ్ళు ఎక్కువగా పోయేది అక్కడికే. వాడిన చుక్కల సీసా పారేయకుండా వెంట తీసుకెళ్ళి, ఎన్ని రోజులు ఎన్నిసార్లు వేశారో చెప్పండి. అది స్టెరాయిడ్ అయితే రాత్రికి వేయాలా ఆపాలా అని షాపులో కాకుండా కంటి డాక్టరుకే ఫోన్ చేసి అడగండి. చూసొచ్చాక వాళ్ళు ఏం చెప్పారో, ప్రెజర్ ఎంత వచ్చిందో ఇక్కడ రాయండి, నాకు తెలిసింది ఏమన్నా ఉంటే చెప్తాను.