మానిటర్ పెంచగానే మైక్ కూత: ఈక్యూ ఎక్కడ తగ్గించాలి?

స్టేజ్ మీద సింగర్ తన గొంతు వినడానికి పెట్టే మానిటర్ స్పీకర్ పెంచగానే మైక్ కూస్తోంది, ఈక్యూ ఎక్కడ తగ్గించాలని అడిగారు. మీరు ఛానల్ ఈక్యూలో, అంటే మిక్సర్‌లో ఆ మైక్ ఒక్కదాని టోన్ సర్దే చోట, హైస్ (పై ఫ్రీక్వెన్సీలు) మొత్తం తగ్గించారు. అందుకే గొంతు మొద్దుబారింది, కూత మాత్రం పోలేదు. మీరు చెప్పినట్టు మానిటర్ పెంచినప్పుడే కూత వస్తోందంటే, కోయాల్సింది ఆక్స్ అవుట్‌పుట్ (మిక్సర్ నుంచి ఆ మానిటర్‌కి సౌండ్ పంపే విడి దారి) మీద. ఆక్స్ ప్రీ-ఫేడర్‌లో ఉంటే, అంటే ఫేడర్ కంటే ముందే సౌండ్ మానిటర్‌కి వెళ్తుంటే, ఛానల్ ఫేడర్ దించినా లాభం లేదు.

ముందు ఛానల్ ఈక్యూ ఫ్లాట్ చేసి, 100 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (దాని కింది ఫ్రీక్వెన్సీలను కోసే ఫిల్టర్) ఆన్ చేయండి. తర్వాత:

1. ప్రోగ్రామ్‌లో వాడే మైకులన్నీ తెరిచి ఉంచండి. చాలామంది ఒక్క మైక్‌తోనే చూసి వదిలేస్తారు. తెరిచిన మైకులు రెట్టింపైతే, కూత రాకుండా పెంచగలిగే గెయిన్‌లో దాదాపు 3 డీబీ పోతుంది, అక్కడే దొరికిపోతాం.
2. మానిటర్ సెండ్ (ఆక్స్‌కి పంపే లెవెల్) మెల్లగా పెంచండి. సన్నగా మోగడం మొదలవగానే ఆపండి.
3. ఫోన్‌లో ఆర్‌టీఏ యాప్‌తో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో చూపే యాప్) ఆ ఫ్రీక్వెన్సీ చూసి, ఆక్స్ మీది 31-బ్యాండ్ గ్రాఫిక్ ఈక్యూలో ఆ ఒక్క స్లైడర్‌నే 3 డీబీ దించండి. చాలకపోతే 6.
4. మళ్లీ పెంచండి, తర్వాతి కూత పట్టండి. నాలుగైదు చోట్ల కోశాక ఆపేయండి. ఇంకా కూస్తుంటే తప్పు ఈక్యూది కాదు.
5. చివర్లో సెండ్ 4-6 డీబీ వెనక్కి తీయండి.

మానిటర్ స్థానం కూడా చూడండి: మైక్ కార్డియాయిడ్ (సరిగ్గా వెనక నుంచి వచ్చే సౌండ్‌ని అతి తక్కువగా పట్టే రకం) అయితే సరిగ్గా మైక్ వెనక, సూపర్‌కార్డియాయిడ్ (వెనక పక్కల నుంచి అతి తక్కువగా పట్టే రకం) అయితే వెనక కొంచెం పక్కకి. సింగర్ మైక్ తలను గుప్పిట్లో మూసి పట్టుకుంటే మాత్రం ఇదంతా వృథా, ముందే చెప్పేయండి.