అరువు హైబ్రిడ్ ఎడమకే ఎందుకు పోతోంది?

ప్రశ్న: గోల్ఫ్‌లో నాది కుడిచేతి ఆట. వయసు 52, హ్యాండీక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మేలు) 22. ఏడో నంబరు ఐరన్‌తో (లోహపు సన్న తల క్లబ్) బంతి 130 గజాలు, ఆరుతో 140 పోతుంది. నంబరు తగ్గేకొద్దీ దూరం పెరగాలి గానీ, అయిదు, నాలుగు ఐరన్లు రెండూ 145 దగ్గరే ఆగిపోతున్నాయి. అయిదో నంబరు వుడ్ (పెద్ద తల ఉన్న దూరపు క్లబ్) 170 పోతుంది. మిత్రుడి మూడో నంబరు హైబ్రిడ్ (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్యరకం క్లబ్) అడిగి తెచ్చుకుంటే బంతి ప్రతిసారీ ఎడమకే వంగుతోంది. ఏ హైబ్రిడ్ కొనమంటారు?

జవాబు: అరువు సొమ్ము బరువు చేటు అంటారు. మీ విషయంలో ఆ చేటు షాఫ్ట్ (క్లబ్ కర్ర) బరువుది కావచ్చు. మీ ఐరన్ల షాఫ్ట్ ఉక్కుదై, మిత్రుడిది తేలికైన గ్రాఫైట్ అయితే చేతులు ముందే తిరిగిపోయి బంతి ఎడమకు పోతుంది. పైగా చాలా హైబ్రిడ్లను బంతి కుడికి జారిపోయేవారి కోసం ముఖం కాస్త ఎడమకు మూసినట్టుగా తయారు చేస్తారు. మీ బంతి సహజంగానే ఎడమకు తిరిగేదైతే అలాంటిది ముట్టుకోకండి. చిన్న తల, ఎడమకు మూసినట్టు కాక నేరుగా కనిపించే ముఖం ఉన్నది చూడండి.

ఇక కొనే సంగతి. 2009 పీజీఏ చాంపియన్‌షిప్ చివరి హోల్‌లో దక్షిణ కొరియా ఆటగాడు వై.ఇ.యాంగ్ హైబ్రిడ్‌తో బంతిని జెండా దగ్గరికి చేర్చి టైగర్ వుడ్స్‌ను ఓడించడం చూసి, నేనూ మోజుపడి 19 డిగ్రీల లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం) ఉన్న హైబ్రిడ్ కొన్నాను. తీరా అది నా 18 డిగ్రీల వుడ్ ఎంత దూరమో అంతే పోయింది. సంచిలో పెట్టుకోగలిగేది 14 క్లబ్బులే. అందులో ఒక చోటు ఏడాది పాటు దండగ!

అందుకే మీరు నంబరు మాట మరిచిపోయి లాఫ్ట్ అడగండి. ఒక తయారీదారు నాలుగు అన్నది మరొకరికి మూడు కావచ్చు. మీకు 140కీ 170కీ మధ్య 155 గజాల క్లబ్ కావాలి. 22, 23 డిగ్రీల దగ్గర వెతకండి. నాలుగు, అయిదు ఐరన్లు రెండూ తీసేయండి. తక్కువ లాఫ్ట్ ఐరన్‌తో బంతి పైకి లేవాలంటే స్వింగ్‌లో మంచి వేగం ఉండాలి, అది లేనప్పుడు రెండూ ఒకే చోట పడతాయి. హైబ్రిడ్ తలలో బరువు కిందికీ వెనక్కీ ఉండడం వల్ల అదే లాఫ్ట్‌తో బంతి ఎత్తుగా లేచి మెత్తగా దిగుతుంది. మిగిలిన చోటులో ఒక వెడ్జ్ (దగ్గరి దెబ్బలకు వాడే ఎక్కువ లాఫ్ట్ క్లబ్) పెట్టుకోండి.

కొట్టేటప్పుడు వుడ్‌లా ఊడ్చకండి. బంతిని రెండు పాదాల నడిమికి కొంచెం ముందు ఉంచి, ఐరన్‌లాగే పైనుంచి కిందికి కొట్టండి. మీ ఎడమ వంపులో సగం అక్కడే తీరవచ్చు.

దుకాణంలో చాప మీద కొట్టి మురిసిపోవద్దు. వీలైతే గడ్డి మీద పది బంతులు కొట్టి, వాటిలో చెడిపోయినవి ఎక్కడ పడ్డాయో చూడండి. మిత్రుడి క్లబ్ మాత్రం ఈ వారమే తిరిగి ఇచ్చేయండి.