తూనీగకి రెండో దోమ కనపడదా? ఆవగింజలతో చూసిన సంగతి

మీరడిగింది ఇదీ: మెదడు ఆవగింజంత కూడా ఉండని పురుగుకి ఒకదాని మీదే ధ్యాస పెట్టడం అనేది ఉంటుందా, లేక ఏది కదిలితే దాని వెంట పడటమేనా అని. ఉంటుందండీ. నేను రీసెర్చ్ చేసేవాణ్ణి కాదు, జువాలజీ చదివి స్కూల్లో బయాలజీ చెప్తుంటా, కానీ తూనీగలంటే చిన్నప్పటినుంచీ ప్రాణం, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా.

పోయిన వానాకాలం మా అక్క కొడుకుని తీసుకుని మియాపూర్ దాటి అమీన్‌పూర్ చెరువుకి పోయా. గట్టు మీద ఒక ఎండుపుల్ల చివర నారింజ రంగు తూనీగ, మన మురికి కాలవల దగ్గర కూడా కనిపిస్తుందే అదే. మూడడుగుల దూరంలో కదలకుండా కూర్చున్నాం. అది రెక్కలు ముందుకి దించి బొమ్మలా ఉంటుంది, తల మాత్రం టక్కున ఒక పక్కకి ఒరుగుతుంది, మళ్లీ నేరుగా, పైన ఏదో పోయిందన్నమాట. తూనీగలు చిన్న పూస విసిరినా వెంటపడతాయని ఎక్కడో చదివి ఆవాల పొట్లం ఒకటి జేబులో వేసుకుని పోయా. ఒక గింజ పైకి విసిరితే తల తిరిగింది అంతే, రెండోసారి లేచి గింజ దగ్గరిదాకా పోయి, తిండి కాదనుకుందేమో, వెనక్కొచ్చి అదే పుల్ల మీద వాలింది. అప్పుడు రెండు గింజలు కలిపి విసిరా. అటా ఇటా అని తడబడి రెండిటికీ మధ్యలోకి పోతుందేమో అనుకున్నా, లేదు, ఒకదాని వెంటే సూటిగా పోయింది. చాలాసార్లు విసిరాం, కొన్నిసార్లు అసలు లేవలేదు, లేచినప్పుడల్లా మాత్రం ఒక్కదాని వెంటే. "మామా, రెండోది దానికి కనపడలేదా?" అన్నాడు మావాడు.

కంటికి కనపడింది, మెదడు పక్కన పెట్టేసింది. ఇది ఊరికే చెప్తున్న మాట కాదు, ఆస్ట్రేలియాలో అడిలైడ్ యూనివర్సిటీలో స్టీవెన్ వీడర్‌మన్, డేవిడ్ ఓ'కారొల్ అనే ఇద్దరు 2013లో చూపించారు. తూనీగ మెదడులో సీఎస్‌టీఎండీ1 అనే న్యూరాన్, అంటే నాడీకణం, ఉంది, చిన్న చుక్కలాంటిది కదిలితే స్పందించే రకం. బతికున్న తూనీగని తెర ముందు పెట్టి, సన్నటి గాజు సూది ఆ ఒక్క న్యూరాన్‌లోకి దింపి సిగ్నల్ రికార్డ్ చేశారు. ముందు ఒక్కో చుక్కకి విడివిడిగా ఎలా స్పందిస్తుందో రాసుకుని, తర్వాత రెండూ ఒకేసారి చూపించారు. రెండూ కలిస్తే సిగ్నల్ పెరగాలి, లేకపోతే సగటుగా ఏదో రావాలి కదా, అలా ఏమీ కాలేదు, అసలు రెండో చుక్కే లేనట్టు ఒకదానికి వచ్చే సిగ్నలే అచ్చంగా వచ్చింది. ఒక్కోసారి మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారింది కూడా. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఒక్క న్యూరాన్‌లో ఇంత స్పష్టంగా ధ్యాస కనపడటం ఎంత పెద్ద విషయమో!

2017లో వాళ్లదే ఇంకో పని వచ్చింది, అది మనకి సంక్రాంతికి డాబా మీద అలవాటైన సంగతే. ఆకాశం నిండా పతంగులున్నా మన కన్ను మన పతంగి మీదే ఉంటుంది, అది పక్కింటి వాటర్ ట్యాంక్ వెనక్కి పోతే ఎటు తేలుతుందో ఆ వైపు ముందే చూస్తాం. ఆ న్యూరాన్ కూడా అంతే, చుక్క పోతున్న దారికి ముందున్న చోట చూపు పదును పెంచుకుంటుంది, మిగతా చోట్ల తగ్గించేస్తుంది, చుక్క కాసేపు మాయమైనా సరే.

తూనీగ ఒక్కటే కాదు. తేనెటీగని చిన్న బంతి మీద నడిపిస్తూ ముందు రెండు ఆకారాలు పెట్టి చూస్తే, అది ఎటు పోతుందో నడకలో తేలకముందే మెదడులో చూపుకి సంబంధించిన భాగంలో తేడా కనపడింది, ఇది 2014 నాటి పని. అరటిపండు మీద ముసిరే చిన్న ఈగ మెదడులో మొత్తం న్యూరాన్లు 1,39,000 పైచిలుకే, 2024లో పూర్తి మ్యాప్ వచ్చింది. ఈ ఈగల్లో మగది ఆడదాన్ని వెంబడించడానికి ఎల్‌సీ10ఏ అనే న్యూరాన్లని వాడుకుంటుంది. జత కట్టాలనే ఊపులో లేనప్పుడు అవి మందకొడిగా ఉంటాయి, ఊపు వచ్చాక అదే ఆకారానికి గట్టిగా స్పందిస్తాయి. మనసెటుంటే చూపటే అంటాం చూడండి, ఈగలో అది వైరింగ్‌లోనే ఉంది.

నాకైతే ధ్యాస అనేది పెద్ద మెదడుకి దక్కిన సౌకర్యం అనిపించదు. న్యూరాన్లు తక్కువున్న చోటే దాని అవసరం ఎక్కువ, దోమల గుంపులో అన్నిటినీ పట్టించుకుంటే తూనీగ ఒక్కదాన్నీ పట్టలేదు.

మరి రెండిట్లో ఏది ఎంచుకుంటుంది అంటారా, ముందు కాసేపు చూపించిన దానివైపు మొగ్గు ఉంటుందని ఆ అడిలైడ్ వాళ్లే తర్వాత చూశారు. అందుకని మావాడూ నేనూ ఇంకోసారి పోయినప్పుడు గింజలు కలిపి విసరలేదు, ఒకటి వదిలి రెప్పపాటు ఆగి రెండోది వాడు వదిలాడు. ఆరుసార్లు లేచింది, ఐదుసార్లు నా గింజ వెంటే.