జడ ఇచ్చాను సరే, బాయ్ కట్ ఎందుకంటున్నారు!

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, మాది తెనాలి. నడుం దాటిన జడ ఉండేది. పెళ్లయినప్పటి నుంచి ఆదివారం ఆదివారం అత్తయ్యే తలకు నూనె పెట్టి జడ వేసేవారు. రెండేళ్ల క్రితం మా పిన్నికి రొమ్ము క్యాన్సర్ వచ్చి, కీమోతో జుట్టంతా ఊడిపోయింది. అప్పుడే అనుకున్నాను. పోయిన నెల, ఇంట్లో చెప్పకుండా, క్యాన్సర్ రోగుల విగ్గుల కోసం 14 అంగుళాల జడ ఇచ్చేసి, బాయ్ కట్ చేయించుకున్నాను. ఆ రోజు అత్తయ్య అన్నం ముట్టలేదు. ‘నిండు ముత్తైదువ చేసే పనేనా ఇది’ అని ఏడ్చారు. మావారు ఏమీ అనరు, నా వైపు సరిగా చూడరు. వచ్చే నెల ఆడపడుచు పెళ్లికి విగ్గు పెట్టుకోమంటున్నారు. దానం చేశానని ఎంత చెప్పినా వినరు. తప్పు చేశానా?

జవాబు: ముందు విగ్గు సంగతి తేల్చేద్దాం. విగ్గుల కోసం జుట్టిచ్చి వచ్చి, పెళ్లి పందిట్లో మీరే విగ్గు పెట్టుకుని తిరగడమేమిటండీ! మీకే సరదా పుడితే తప్ప అక్కర్లేదు. సవరమూ కుదరదు, అది కట్టడానికి పిలకైనా ఉండాలి. జుట్టు నెలకు అర అంగుళం పెరిగితే గొప్ప. తలలో పూలు లేకపోతే పెద్దవాళ్లకు వెలితి అనిపిస్తే, చెవి పక్కన రెండు స్లైడ్లతో ఒక గులాబీ పెట్టుకోండి. సరిపోతుంది.

ఇక అసలు విషయం. నడుం దాటిన జుట్టులో 14 అంగుళాలు ఇచ్చాక కూడా భుజాల దాకా మిగిలే ఉంటుంది. మిగిలినదాన్ని బాయ్ కట్ చేయించింది పిన్ని మీద ప్రేమతో కాదు, మీకు నచ్చి. ఎన్నాళ్ల నుంచో ముచ్చటపడి ఉంటారు కూడా. అందులో తప్పేముంది? కానీ ఉత్తరమంతా ‘దానం’ అన్న మాటే ఉంది, ‘నాకు నచ్చింది’ అని ఒక్క చోటా లేదు. దానాన్ని అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నంతసేపూ ఇంట్లోవాళ్లకు ఏదో దాస్తున్నట్టే ఉంటుంది. మీ వారితో ముందు ఆ మాట అనండి. ‘నాకు ఇలా బాగుంది, మీకెలా ఉంది’ అని సూటిగా అడగండి. బాలేదంటే అననివ్వండి. చూపు తప్పించుకు తిరగడం కంటే అదే నయం.

పొరపాటంటూ ఉంటే ఒకటే, ముందు చెప్పకపోవడం. జుట్టు మీది, అనుమతి అక్కర్లేదు. కానీ ఏళ్ల తరబడి ఆ జడ చిక్కు తీసిన మనిషికి ఒక మాట చెప్పాల్సింది.

అత్తగారి ఏడుపును చాదస్తమని కొట్టిపారేయకండి. భర్త పోయిన ఆడవాళ్లకు గుండు చేయించిన రోజుల గురించి ఆవిడ తన పెద్దల నోట వినే ఉంటారు. కురచ జుట్టు చూస్తే ఆవిడ గుండె గుభేలుమనేది అందుకే. తిరుమల కల్యాణకట్టలో ముత్తైదువలు తలనీలాలు ఇవ్వడం లేదా అని మీరు వాదించవచ్చు. నిజమే, మూడు కత్తెరలతో సరిపెట్టేవాళ్లతో పాటు నున్నగా గుండు చేయించుకునేవాళ్లూ ఉన్నారు. అయినా ఆ వాదన వద్దు. దేవుడి మొక్కు వేరని ఆవిడ అంటారు, మళ్లీ మొదటికొస్తుంది. పిన్నిని పిలిపించి ఆవిడ కష్టాన్ని సాక్ష్యంగా చెప్పించడం అసలే వద్దు, పడిందేదో ఆవిడ పడింది చాలు.

నాకు తోచిందేమంటే, ఆవిడ బాధలో సగం ముత్తైదువతనం గురించి కాదు, ఆదివారం గురించి. కోడలు ముందు కూర్చుంటే, దువ్వెన చేతిలో పట్టుకుని నాలుగు కబుర్లు చెప్పుకునే గంట ఒకటి ఉండేది. అది చెప్పాపెట్టకుండా పోయింది. ఈ ఆదివారం నూనె వెచ్చబెట్టి, గిన్నె ఆవిడ చేతికిచ్చి, పీట వేసుకుని ముందు కూర్చోండి. ‘ఈ కాస్త జుట్టుకా’ అని విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, లేవకండి. బాయ్ కట్‌కైనా నూనె కావాలి, కాకపోతే చెంచాడు చాలు.