గోదారి గట్టు మీద ఒక సాయంత్రం

అమ్మలూ,

కార్తీకంలో పిల్లల్నీ మీ అత్తగారినీ తీసుకుని రాజమండ్రి వెళ్తున్నామన్నావు, సంతోషం. పాత రైలు వంతెన చూడటానికి "అరగంట చాలదా మావయ్యా" అన్నావు చూడు, అక్కడ మాత్రం నాకు కొంచెం కోపం వచ్చింది. అరగంటలో ఫొటో దిగి రావచ్చు, అంతే. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకుండా సాయంత్రమంతా గట్టుకే వదిలెయ్యి.

నాలుగింటికల్లా పుష్కర్ ఘాట్ దగ్గర ఆటో దిగండి. ఊరు తూర్పు ఒడ్డున ఉంది కాబట్టి పొద్దు అవతల కొవ్వూరు వైపు, సరిగ్గా నది మీదుగా దిగుతుంది. కార్తీకంలో అయిదున్నరకే చీకటి ముసురుతుంది, ఆలస్యం చేస్తే అయిపోయినట్టే. సాయంత్రం వంతెన నల్లటి గీతలా కనిపిస్తుంది. రాతి స్తంభాలు, ఇనప గడ్డర్లు స్పష్టంగా చూడాలంటే మర్నాడు పొద్దున్నే ఇంకోసారి రావాలి, అప్పుడు ఎండ మన వెనక నుంచి వాటి మీద పడుతుంది. మిట్టమధ్యాహ్నం జోలికి పోకు. ఒక మే నెలలో మా పిల్లల్ని రెండింటికి తీసుకెళ్లి, కాలిన మెట్ల మీద వాళ్లు గెంతుతుంటే మీ అత్తయ్య చేత తిట్లు తిన్నాను.

కార్తీక సోమవారాలూ పౌర్ణమీ తప్పించు. దీపాలు వదలాలని మీ అత్తగారికి ఉంటే మామూలు రోజున తెల్లవారుజామున వదలండి. మెట్లకి పాకుడు పట్టి ఉంటుంది, చెప్పులు విప్పాక ఆవిడ చెయ్యి వదలకు. పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు. పైకి నిదానంగా కనిపించే గోదారికి లోపల లాగుడు ఎక్కువ. వరదల కాలంలో అయితే నేను మెట్ల దాకా అసలు వెళ్లమనను. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, అప్పటి ఎర్రనీళ్లు గట్టు మీద నుంచే చూడాలి.

ఇక వంతెన సంగతి. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్లు నడిపారు. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. కట్టించిన ఇంజనీరు వాల్టన్, అంతకుముందు కాశీలో గంగ మీద రైలు వంతెన కట్టినాయన. ఒక్కో ఖానా, అంటే రెండు స్తంభాల మధ్య జాగా, 150 అడుగులు, అలాంటివి 56. పిల్లల్ని లెక్కపెట్టమను, ముప్పై దాటేసరికి తప్పకుండా తప్పుతారు. దాని పక్కనే విల్లు వంచినట్టుండే కాంక్రీటు ఆర్చులు 28, సరిగ్గా సగం. పాతదానికి 1997లో విశ్రాంతి ఇచ్చి ఆ పని దీనికి అప్పజెప్పారు. ఎగువన కనిపించేది 1974 నాటిది, పైన బస్సులు, కింద రైళ్లు. మూడు కాలాల వంతెనలు ఒకే చూపులో కనిపించే చోటు నాకు తెలిసి మన వైపు ఇంకోటి లేదు.

నేను గూడ్సు గార్డుగా ఆ పాత వంతెన ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు. రాత్రిపూట ఆఖరి బ్రేకువ్యానులో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ముందు ఇంజను వంతెన ఎక్కిందని చప్పుడు మారడాన్ని బట్టే తెలిసేది. నేల మీద టకటకమన్న చక్రాలు ఇనుము మీదకి రాగానే ఒకటే రొద. ఆ రొద పెట్టెపెట్టెకీ దగ్గరవుతూ చివరికి నా కాళ్ల కిందకి వచ్చేది. కింద చీకట్లో జాలరి పడవల దీపాలు. కాంక్రీటు వంతెన మీద ఆ రొద లేదు, మంచిదే అనుకో, కానీ నిద్రపోయేవాళ్లకి గోదారి దాటామని ఎవరు చెబుతారు?

పాత వంతెన మీదకి ఎక్కే ప్రయత్నం చెయ్యొద్దు. సెల్ఫీ కోసం ఎవరో ఎక్కారని మీరూ ఎక్కొద్దు. దాన్ని పర్యాటకుల కోసం తీర్చిదిద్దే అఖండ గోదావరి ప్రాజెక్టుకి 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. దారి తెరిచి మనుషుల్ని పంపిస్తుంటే వెళ్లండి, లేకపోతే కింద నుంచి చూస్తేనే దాని పొడవు తెలుస్తుంది.

పొద్దు గుంకాక హారతి చూడండి. జనం పల్చబడ్డాక మెయిన్ రోడ్డుకి వెళ్లి పిల్లలకి రోజ్ మిల్క్ తాగించు. రాత్రికి బరువుగా తినకండి, పొద్దున్నే లేవాలి కదా. ఓపిక ఉంటే మర్నాడు ధవళేశ్వరం వెళ్లి కాటన్ దొర మ్యూజియం చూడండి.

ఒక్కటి మర్చిపోయాను. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు కొవ్వూరు దాటగానే వంతెన. కిటికీ సీటు కోసం పిల్లలు కొట్టుకుంటారు, అది మీ అత్తగారికివ్వు. ఏసీ పెట్టెలో అద్దం తెరుచుకోదు కాబట్టి చిల్లర వెయ్యడం కుదరదు, ఆ రూపాయి రేవులో వేయించు. ఆవిడ పెళ్లినాటికి రైళ్లన్నీ పాత వంతెన మీదనో 1974 వంతెన మీదనో వెళ్లేవి. ఏ వంతెన మీద కాపురానికి వచ్చారో అడుగు. ఏం చెప్పారో నాకు రాయి.

మీ మావయ్య