ఆ స్టెయిర్ రైఫిల్‌కి అడ్వాన్స్ పంపే ముందు

ఒరేయ్ చిన్నా,

రాత్రి నువ్వు పంపిన పదకొండు ఫోటోలూ చూశాను. మీ అత్తయ్య పడుకోమని రెండుసార్లు అరిచినా ఫోన్ వదల్లేదు, ఒక్కోటీ పెద్దది చేసుకుని మరీ చూశాను. మాన్లిషర్-షోనావర్ అనే పాత వేట రైఫిల్, 1905 మోడల్ కార్బైన్ (పొట్టి రకం), 1,600 డాలర్లు, రేపటిలోగా అడ్వాన్స్ పంపకపోతే వేరేవాళ్లు ఎగరేసుకుపోతారు, ఏం చేయమంటావు మామయ్యా అని అడిగావు. పంపకు. ఎగరేసుకుపోతే పోనీ.

నీ మోజు నాకు అర్థం కాక కాదు. ఇరవై ఏళ్ల కింద ఒక గన్ షోలో మొదటిసారి ఆ బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) లాగి చూసినప్పుడు నాకూ అలాగే మతిపోయింది, నూనె పూసిన గాజు మీద జారినట్టు వెళ్తుంది. బారెల్ మూతి దాకా పరుచుకున్న వాల్‌నట్ కర్ర, చపాతీ కర్రతో వత్తినట్టు పల్చగా కిందికి వంగిన బోల్ట్ హ్యాండిల్, రెండు ట్రిగ్గర్లు, ఒట్టో షోనావర్ అనే ఆయన రూపొందించిన గుండ్రంగా తిరిగే మ్యాగజీన్. తూటా నొక్కుతుంటే లోపల చిన్న రాట్నం తిరిగినట్టు తెలుస్తుంది. ఖాళీ చేయాలంటే బోల్ట్ వెనక్కి లాగి లోపల కుడి పక్కనున్న చిన్న మీట నొక్కితే చాలు, ఐదు తూటాలూ బొలబొలా బయటికి వచ్చేస్తాయి. ఆస్ట్రియాలో స్టెయిర్ ఊళ్లో 1903లో 6.5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి 1905లో 9, 1908లో 8, 1910లో 9.5 అని ఒక్కో మోడల్‌కి ఒక్కో తూటా పెట్టారు. కాబట్టి మనసు పడటం తప్పు కాదు. నువ్వు మనసు పడిన ఆ ఒక్క తుపాకీతోనే పేచీ.

నాలుగో ఫోటో మళ్లీ తెరువు. భుజానికి ఆనించే చోట ఎర్ర రబ్బరు ప్యాడ్ ఉంది చూశావా? అక్కడ ఉండాల్సింది ఉక్కు పట్టీ. ఆ పట్టీలో చిన్న తలుపు ఉంటుంది, తలుపు తీస్తే కర్రని తొలిచి చేసిన గూడు, అందులో ముక్కలుగా విడదీసి దాచిన క్లీనింగ్ రాడ్, అదనపు తూటాలకి చోటు. ఎవరో మహానుభావుడు భుజం నొప్పెడుతోందని ఆ పట్టీ పీకేసి, ప్యాడ్ పట్టడానికి కర్రని అంగుళం దాకా కోసేశాడు. పట్టీ వెతికితే పాత సామాన్లలో దొరకొచ్చు గానీ ఆ కోసిన కర్ర ఎక్కడి నుంచి తెస్తావు?

ఏడో ఫోటోలో రిసీవర్ (బోల్ట్ కూర్చునే ఉక్కు భాగం) ఎడమ గోడ మీద మూడు స్క్రూ తలలు కనిపిస్తున్నాయి. అవి ఫ్యాక్టరీవి కావు. ఈ రైఫిల్లో రిసీవర్ వెనక వంతెన మధ్యలో చీలి ఉంటుంది, బోల్ట్ హ్యాండిల్ ఆ చీలికలోంచే వెనక్కి వెళ్తుంది, అందుకని మామూలు స్కోప్ మౌంట్ పైన కూర్చోదు. అమెరికాలో ఒకప్పుడు ప్రతివాడికీ స్కోప్ కావాలి కాబట్టి పక్క గోడకి రంధ్రాలు పొడిచి సైడ్ మౌంట్ బిగించేవాళ్లు, తర్వాతవాడు మౌంట్ తీసేసి రంధ్రాల్లో ఉత్త స్క్రూలు పెట్టి ఊరుకున్నాడు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆ రోజుల్లోనే పంజాల్లాంటి కాళ్లతో స్కోప్‌ని తగిలించే మౌంట్లు చేశారు, వాటితో ఉన్నది దొరికితే విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఇది ఆ బాపతు కాదు.

ఇక ఆ నల్లటి మెరుపు. అమ్మేవాడు "మింట్ కండిషన్", అంటే కొత్తదానిలా ఉందని రాశాడు కదా. వందేళ్లు అడవుల్లో తిరిగిన ఉక్కు అంత నల్లగా నిగనిగలాడుతోందంటేనే అనుమానించాలి. మీ అత్తయ్య చింతపండు పెట్టి ఇత్తడి బిందె తోమితే చెక్కిన పేరు ఏడాదికేడాది ఎలా అరిగిపోతుందో చూశావుగా, ఇదీ అంతే. పాలిష్ చక్రం మీద పెట్టి మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకి తుప్పు పట్టకుండా వేసే నల్లటి పూత) చేసినప్పుడు అక్షరాల అంచులు కరుగుతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ ఉక్కు సన్నగా పల్లం పడుతుంది, పదునుగా ఉండాల్సిన మూలలు సబ్బు ముక్కలా గుండ్రబడతాయి. తొమ్మిదో ఫోటోలో 'స్టెయిర్' అన్న పేరు చూడు, చివరి అక్షరం సగమే ఉంది. గోధుమరంగు తిరిగి, గీతలు పడి, అక్కడక్కడ బ్లూయింగ్ పోయి తెల్లబడిన తుపాకీ దానికంటే ఎంతో నయం, దాన్ని ఎవరూ ముట్టుకోలేదని తెలుస్తుంది.

అసలు టెన్షన్ తూటాతో. దీనికి కావాల్సిన 9x56 (9 మిల్లీమీటర్ల గుండు, 56 మిల్లీమీటర్ల తొడుగు) మామూలు షాపుల్లో దొరకదు, రీలోడింగ్, అంటే ఖాళీ తొడుగుల్లో మందూ గుండూ మళ్లీ నింపుకోవడం నేర్చుకోవాలి. పేరు దగ్గరగా ఉందని 9x57 మౌజర్ తూటా పెట్టబోతావేమో, అది వేరు, ఇది వేరు. దీని మీద నా సొంత అనుభవం ఒకటి చెప్తాను, అత్తయ్య దగ్గర ఎత్తకు.

మొదట్లో నేను కొన్న వాటిలో జర్మనీలో జూల్ ఊరి పనివాళ్లు చేసిన వేట రైఫిల్ ఒకటుంది. కంపెనీ పేరు లేదు, నగిషీ మాత్రం ముచ్చటగా, జింక, ఓక్ ఆకులు. అమ్మినాయన "ఎయిట్ ఎమ్ఎమ్ మౌజర్" అని చెప్పి మిలిటరీ మిగులు తూటాల పెట్టె ఒకటి ఉచితంగా చేతిలో పెట్టాడు. నేను సంబరపడిపోయి రేంజ్‌కి పరిగెత్తాను. మొదటి గుండుకే భుజం అదిరింది, బోల్ట్ బిగుసుకుపోయింది, పక్కనున్న ఒక ముసలాయన చెక్క సుత్తి తెచ్చి తట్టి తట్టి తెరిస్తే ఖాళీ తూటా వెనక ఉండాల్సిన ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత) ఊడి కింద పడింది. ఆయన బారెల్ కింద కొట్టిన పరీక్ష ముద్రలు చూసి తల పట్టుకున్నాడు. విషయమేమిటంటే జర్మన్లు మొదట ఎనిమిది మిల్లీమీటర్ల తూటాకి .318 అంగుళాల గుండు వాడారు, 1905లో సైన్యం కోసం .323కి మార్చారు. పాత కొలత బారెల్‌తో వేట రైఫిళ్లు మాత్రం ఆ తర్వాత కూడా చేస్తూనే ఉన్నారు. తూటా రెండింట్లోనూ చక్కగా దూరుతుంది. బారెల్‌కి మాత్రం లావు గుండుని సన్న గొట్టంలోంచి తోసుకెళ్లే శిక్ష. కళ్లజోడు పెట్టుకున్నాను, నుదురు రాత బాగుంది, అంతే.

అప్పటి నుంచి ఏ పాత రైఫిల్ వచ్చినా, దాని మీద ఏమి రాసి ఉన్నా, అమ్మినవాడు ఎంత మంచివాడైనా, రెండు పనులు చేయకుండా కాల్చను. మెత్తటి సీసం గుండుకి నూనె రాసి మూతి వైపు నుంచి రాడ్‌తో బారెల్ గుండా నెట్టి మైక్రోమీటర్‌తో కొలుస్తాను. తర్వాత సెరోసేఫ్ అనే లోహాన్ని కరిగించి చాంబర్‌లో (బారెల్ వెనక తూటా కూర్చునే చోట) పోసి అచ్చు తీస్తాను. 90 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతుంది, స్టవ్ మీద గిన్నెలో పెడితే చాలు, అత్తయ్య గిన్నె కాదు సుమా. పోసిన గంటకి కొలవాలి, చల్లబడేటప్పుడు కాస్త కుంచించుకుని మళ్లీ సాగుతుంది కాబట్టి. కాల్చే ముందు గన్‌స్మిత్ చేత హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య సందు) చూపించు, ఆ నలభై యాభై డాలర్లకి కక్కుర్తి పడకు.

బారెల్ కింది ఆ పరీక్ష ముద్రలు కర్ర తీస్తే గాని కనిపించవు. జర్మన్‌వైతే కిరీటం కింద బి, జి, యు లాంటి అక్షరాలు, పొగరాని కొత్త తుపాకీ మందుతో పరీక్షించినదానికి కిరీటం కింద ఎన్. 1940 తర్వాతవాటికి కిరీటం పోయి గద్ద వచ్చింది. చాలావాటి మీద నెల, ఏడాది కూడా కొట్టి ఉంటాయి. వియన్నాలో పరీక్షించినదానికి ఎన్‌పీవీ. రిసీవర్ మీది నంబరు, బారెల్ మీదిది, బోల్ట్ మీదిది ఒకటేనా చూడు. బోల్ట్ నంబరు వేరైతే ధర సగానికి బేరమాడు, లేదా వదిలెయ్.

ఇంకోటి, కథలు. మన మొహం చూడగానే కొందరు అమ్మేవాళ్లకి మహారాజులు గుర్తొస్తారు. "ఇది మీ ఇండియాలో ఒక రాజుగారిది" అని నాతో ఎందరన్నారో లెక్కలేదు, ఒకాయన ఏకంగా నైజాం అన్నాడు. నేను నవ్వి, కాగితం ఉందా అని అడుగుతాను. వేటగాడు జిమ్ కార్బెట్‌కి, 1907లో చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు బహుమతిగా వచ్చిన .275 రిగ్బీ (లండన్ కంపెనీ) రైఫిల్‌కి చరిత్ర ఉంది, దాని మీద వెండి పలక ఉంది. ఆ .275 అంటే మన 7x57 మౌజరే, ఇంగ్లీషువాళ్లు పేరు మార్చుకున్నారంతే. లండన్‌లో పెద్ద తుపాకీ ఇళ్లు పాత లెడ్జర్లు దాచుకున్నాయి, సీరియల్ నంబరు రాసి ఫీజు కడితే ఏ ఏట, ఏ కొలతలతో, ఎవరికి అమ్మారో చెప్తారు. ఆ ఉత్తరం లేని రాజుగారికి పైసా ఎక్కువ ఇవ్వకు.

మొదటిది ఏది కొనాలి అంటావా? స్వీడన్ హస్క్‌వర్నా కొను, 6.5x55లో. చెక్క సాదాసీదాగా ఉంటుంది, ఎవరూ నోరు తెరుచుకుని చూడరు, ధర తక్కువ, తూటాలు ఈరోజుకీ తయారవుతున్నాయి. లేదంటే చెక్ బర్నో 21 గాని 22 గాని, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక చేసినవి, రెండు ట్రిగ్గర్ల సరదా కూడా తీరుతుంది. వెనకది లాగితే టిక్‌మంటుంది, తర్వాత ముందుదాన్ని వేలు తాకితే పేలినట్టే. గురి మీద ఉన్నప్పుడు తప్ప ఆ టిక్ వినిపించకూడదు. కొనే ముందు ఖాళీదని రెండుసార్లు చూసుకుని, సెట్ చేసి తుపాకీ మడమని, అంటే భుజానికి ఆనే చివరని రబ్బరు చాప మీద చిన్నగా తట్టు. ట్రిగ్గర్ పడిపోతే అరిగిపోయిందని అర్థం. జర్మనీలో ఓబర్న్‌డార్ఫ్ ఊళ్లో చేసిన మౌజర్లు, రిగ్బీలు తర్వాత, ముందు చెయ్యి తిరగనీ.

కాగితాల సంగతి. నీకు గ్రీన్ కార్డు ఉంది, సరే. నీ రూమ్మేట్ హెచ్1బీ మీద ఉన్నాడు కదా, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా అతని చేతికి తుపాకీ కాదు కదా తూటా కూడా ఇవ్వకు, సేఫ్ కోడ్ అసలు చెప్పకు, ఫెడరల్ నేరం. ఇద్దరూ కలిసి లాయర్‌ని అడగండి. ఇంకో రాష్ట్రం నుంచి కొంటే లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికే రప్పించాలి. పదీ పదిహేను పోగయ్యేలా ఉంటే ముప్పై డాలర్లకి మూడేళ్ల కలెక్టర్ లైసెన్స్ తీసుకో, 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్నవి నేరుగా ఇంటికే వస్తాయి. రేంజ్‌కి పట్టుకెళ్లే బ్యాగు ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకు. ఏదో జేబులో ఒక్క తూటా మర్చిపోతే శంషాబాద్‌లో ఆర్మ్స్ యాక్ట్ కింద కేసు, అక్కడ మామయ్య వచ్చి మాట్లాడితే వదలరు.

తోలు కేసులో పెట్టి మర్చిపోకు, తుప్పు పడుతుంది. నూనె చుక్క మాత్రమే, ఎక్కువైతే వెనక కర్రలోకి దిగి పిడి దగ్గర మెత్తబడుతుంది. అందుకే నేను మూతి కిందికి పెట్టి నిలబెడతాను.

ఇప్పుడు చేయాల్సింది. ఆ అమ్మేవాడికి మర్యాదగా మెసేజ్ పెట్టు: ప్యాడ్ తీసి కర్ర చివర ఒకటి, రిసీవర్ ఎడమ గోడ దగ్గర్నుంచి ఒకటి, బారెల్‌లో వెలుగు పెట్టి లోపల ఒకటి, ఈ మూడు ఫోటోలు కావాలని. పంపితే నాకు పంపు. 700, 800కి దిగితే కాల్చుకోవడానికి ఆలోచిద్దాం, సేకరణకి కాదు. నవంబర్‌లో తుల్సా షోకి నేను వెళ్తున్నాను, వస్తే రెండు రోజులు ఊరికే చేతిలోకి తీసుకుని చూద్దువు గాని, పర్సు నా దగ్గర ఉంటుంది. అక్కకి మాత్రం నేనేమీ చెప్పలేదు, ఆ సంగతి నువ్వే చూసుకో.

మీ మామయ్య